మనుషులు సరిగా పడని ఆ 40 ఫొటోలు పారేయకండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తాతగారు రైల్వేలో పనిచేస్తూ 1950ల్లో విజయవాడ మొగల్రాజపురంలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నారని రాశారు. అమ్మమ్మగారు పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే 200 పైచిలుకు ఫొటోలు, ఒక చెప్పుల డబ్బా నిండా నెగెటివ్‌లు, అడుగున ఒక డబ్బా కెమెరా దొరికాయి. పెళ్ళి ఫొటోలు, స్టూడియో ఫొటోలు ఉంచి, "ఖాళీ స్థలాలు, సగం కట్టిన గోడలు, మనిషి చీమంత కనబడేవి" ఒక 40 దాకా పారేద్దామని మీ మావయ్యగారు అంటున్నారు. ఏవి ఉంచాలి, ఎప్పటివో ఎలా తెలుస్తుంది, ఎలా దాచాలి అని మీరు అడిగారు.

ముందు ఆ 40 పారేయకుండా ఆపండి. మావయ్యగారిని ఒక్క నెల ఓపిక పట్టమనండి. ఈ నెల పనిలో ఆయన సాయం కూడా మీకు అవసరం పడుతుంది.

నేను గవర్నరుపేటలో ఒక స్టూడియోలో 1974 నుంచి 29 ఏళ్ళు డార్క్‌రూమ్‌లో ఉన్నాను. రీళ్ళు కడగడం, ప్రింట్లు వేయడం, పాత ఫొటోలకి కాపీలు తీయడం నా పని. ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళి ఆల్బమ్‌లు స్కాన్ చేసి పెడుతున్నాను. ఒక పొరపాటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 1980ల్లో ఒకాయన వాళ్ళ నాన్న ఫొటో తెచ్చి, పటం కట్టించాలి, ముఖం వరకు చాలు అన్నారు. ముఖం వరకే కాపీ తీశాను. అసలు ప్రింటు కూడా చిన్న ఫ్రేములో పట్టాలంటే అంచులు నేనే కత్తిరించాను. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే మళ్ళీ వచ్చారు. ఆ ఫొటోలో పక్కన వాళ్ళ పాత ఇంటి అరుగు, అరుగు మీద తిరగలి ముందు కూర్చున్న వాళ్ళమ్మ చెయ్యి ఉండేవట. ఆ ఇంటి ఫొటో ఇంకొకటి లేదు. ఆ ముక్కలు ఏమైపోయాయో నాకు తెలుసు, ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఏ ఫొటో అంచుకీ కత్తెర పెట్టలేదు.

మీ ఫొటోలు అలా ఎందుకున్నాయో తెలియాలంటే ఆ డబ్బా కెమెరా సంగతి తెలియాలి. దానికి ఫోకస్ తిప్పుకునే వీలుండదు. సుమారు 10 అడుగుల అవతల ఉన్నవే స్పష్టంగా పడతాయి, దగ్గరికెళ్తే ముఖం మసకబారుతుంది. లెన్సు రంధ్రం చిన్నది కాబట్టి ఇంట్లో వెలుతురు చాలదు. అందుకని ఫొటో అంటే అందరూ వాకిట్లోకి, ఎండలోకి రావాలి. తీసేవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరగాలి. అలా జరిగేసరికి మనిషి చిన్నగా అయిపోయి గేటు, బావి, పక్క స్థలంలో తుమ్మచెట్లు, వెనక కొండ అన్నీ వచ్చి చేరాయి. మీ తాతగారు పిల్లల్నే తీద్దామనుకున్నారు. పిల్లలతో పాటు ఆ పేట ఎలా పెరిగిందో కూడా ఫిల్ము మీద పడింది. స్టూడియో ఫొటోలో ఇది దొరకదు. మీ అమ్మమ్మగారి స్టూడియో ఫొటోలో వెనకున్న మెట్లు, పూలకుండీ గుడ్డ మీద వేసిన బొమ్మలు, అదే తెర ముందు ఊళ్ళో సగం మంది నిలబడి ఉంటారు. వాకిట్లో తీసిన ఫొటోలో మెట్లు ఆవిడ రోజూ కడిగి ముగ్గేసుకున్న మెట్లు.

ఇంకో సంగతి. మీరు స్కేలు పెట్టి చూపించిన నెగెటివ్ రెండుంపావు అంగుళాల వెడల్పు, మూడుంపావు అంగుళాల పొడవు. అంటే రీలుకి 8 ఫొటోలే. అప్పట్లో ఫిల్ము మొత్తం బయటి దేశాల నుంచే రావాలి. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌ని 1960లో పెట్టినా తయారీ మొదలైంది 1967లో. 1950ల చివర విదేశీ మారకం కొరత వచ్చి దిగుమతులు బిగించాక రీలు కొనడం మధ్యతరగతి ఇంటికి చిన్న ఖర్చు కాదు. ఆ 8లో ఒకటి తీసుకెళ్ళి ఖాళీ స్థలం మీద పెట్టారంటే ఊరికే పెట్టలేదు. భూతద్దం పెట్టి చూడండి, హద్దురాళ్ళు కనబడొచ్చు. కొన్న రోజో, శంకుస్థాపన రోజో అయి ఉండొచ్చు. ఇంటి దస్తావేజు మీ దగ్గర ఉంటే తేదీ దానిలోనే ఉంది.

ఇక ఎప్పటివో తేల్చడం. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, పెట్టె తెరవగానే పెళ్ళిళ్ళు ఒక కుప్ప, పిల్లలు ఒక కుప్ప అని వేరు చేసేస్తారు. అలా చేయకండి. రీలు ప్రకారం కలపండి. నెగెటివ్‌లని ఆ రోజుల్లో కత్తెరతో విడివిడిగా కోసేవాళ్ళం. చేత్తో కోసిన కోత ఎప్పుడూ తిన్నగా రాదు, కొంచెం వాలుగానో వంపుగానో ఉంటుంది. ఒక నెగెటివ్ కుడి అంచు వంపు, దాని పక్క నెగెటివ్ ఎడమ అంచు వంపు చింపిన కాగితం ముక్కల్లా అతుకుతాయి. కిటికీ అద్దం మీద తెల్లకాగితం అంటించి, చేతులకి నూలు తొడుగులు వేసుకుని, అంచులు మాత్రమే పట్టుకుని జోడించి చూడండి. ఓపిక కావాలి. మావయ్యగారిని ఈ పనిలో కూర్చోబెట్టండి. ఇలా 8 కలిస్తే రీలు పూర్తయినట్టు. వాటిలో ఒక్కదాని తేదీ తెలిసినా, ఉదాహరణకి మీ అమ్మగారి అన్నప్రాశన, మిగతా 7 దాని చుట్టుపక్కలే. ఒక రీలు కెమెరాలో దసరా నుంచి సంక్రాంతి దాకా ఉండిపోవడం మామూలే కాబట్టి నాలుగైదు నెలలు అటూ ఇటూ చూసుకోండి. మీరు పనికిరాదనుకున్న గోడ ఫొటో ఆ అన్నప్రాశన పక్కన చేరిందంటే, ఇంటి గోడలు ఏ ఏడు లేచాయో తేలిపోయినట్టే.

నెగెటివ్ అంచున సన్నగా అక్షరాలుంటాయి, ప్రింటు వెనక కాగితం కంపెనీ పేరు లేతగా ఉంటుంది. అవి చదవండి. కోడాక్ వెరిక్రోమ్ పాన్ అని ఉంటే 1956 తర్వాతది, ఆ ఫిల్ము అప్పుడే వచ్చింది. ఓర్వో అని ఉంటే 1964 తర్వాతది. తూర్పు జర్మనీ ఆగ్ఫా ఫిల్ములకి ఆ పేరు పెట్టింది 1964లోనే. ప్రింటు వెనక ఆగ్ఫా గేవర్ట్ అని రెండు పేర్లూ కలిసి ఉంటే అదీ 1964 తర్వాతదే, రెండు కంపెనీలు కలిసింది అప్పుడే. ఇందు అని ఉంటే మన ఊటీది, 1967కి ముందు ఉండదు. ఇవన్నీ "ఇంతకంటే ముందు కాదు" అని మాత్రమే చెబుతాయి. పాత నెగెటివ్ నుంచి 20 ఏళ్ళ తర్వాత ప్రింటు వేయించుకోవచ్చు, నేనే అలాంటివి వేలల్లో వేశాను. కాబట్టి నెగెటివ్ మాట, ప్రింటు మాట వేరైతే నెగెటివ్‌నే నమ్మండి.

ఊరు కూడా సాక్ష్యం చెబుతుంది. కృష్ణ ఒడ్డున తీసినవి ఉంటే వెనక ఏముందో చూడండి. పాత ఆనకట్ట 1952లో తెగింది, ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. స్తంభాలు సగం లేచి ఉంటే ఆ మధ్యదే. గాంధీకొండ మీద స్తూపం కనబడితే 1968 అక్టోబరు తర్వాతది. ఇంట్లో రేడియో పక్కన తీసినది ఉందని రాశారు కదా, విజయవాడ ఆకాశవాణి మొదలైంది 1948 డిసెంబరులో. అయితే మీ ఇంటికి రేడియో ఎప్పుడొచ్చిందో చెప్పేది లైసెన్సు పుస్తకం. ఆ రోజుల్లో రేడియోకి పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. పాత కాగితాల సంచిలో ఆ చిన్న పుస్తకం దొరికిందంటే మొదటి పేజీ తేదీ చూడండి.

మొగల్రాజపురంలో మీకు ఒక పెద్ద వసతి ఉంది, కొండలు. ఇళ్ళు మారతాయి, రోడ్ల పేర్లు మారతాయి, కొండ నెత్తి మీద గీత అంత తొందరగా మారదు. ఫొటో ప్రింటు పట్టుకుని పాత ఇంటి దగ్గర నిలబడి, ఆకాశం మీద కొండ గీత కలిసేదాకా అటూ ఇటూ జరగండి. కలిసిన చోట మీ తాతగారు నిలబడ్డారు. అపార్టుమెంట్లు అడ్డమొస్తే ఏదైనా డాబా ఎక్కండి. ఈ పద్ధతిలో గుణదల వైపు ఒక ఇంటిని మూడడుగుల తేడాతో పట్టుకున్నాం.

మీరు పెట్టిన మూడు ఫొటోల్లో రెండోది నాకు చాలా నచ్చింది. అమ్మమ్మగారు ఇసకకుప్ప మీద నిలబడ్డారు, చంకలో పిల్లాడు, వెనక సరుగుడు కర్రల పరంజా. గోడ నడుం ఎత్తు వచ్చింది. కుడిపక్క ముళ్ళకంప చుట్టి ఒక మొక్క ఉంది చూశారా, అది కొబ్బరి. మూడో ఫొటోలో అదే మూల, బావి గిలక పక్కన, అదే చెట్టు మనిషి ఎత్తు మొద్దుతో ఉంది. కొబ్బరిచెట్టు బాగా నీళ్ళున్న చోట ఏడాదికి సుమారు 12 ఆకులు వేస్తుంది, రాలిన ప్రతి ఆకూ మొద్దు మీద ఒక గీత వదులుతుంది. నెగెటివ్‌ని పెద్దగా స్కాన్ చేసి ఆ గీతలు లెక్కపెట్టండి. 12 గీతలకి ఒక ఏడు వేసుకోండి. మొద్దు నేలమీదికి రావడానికే నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి అదీ కలపాలి. కచ్చితమైన తేదీ రాదు గానీ ఏ ఫొటో ముందు, ఏది వెనక అన్నది తేలుతుంది. చెట్టు వరుస, ఇంటి వరుస పక్కపక్కన పెట్టుకుంటే, ముందు బంగళాపెంకుల వరండా, తర్వాత డాబా, ఆ తర్వాత పిట్టగోడ, మెట్లు, ఆ 40లో చాలావాటికి చోటు దొరుకుతుంది.

పూలజడ ఫొటో ఒకటి ఉందన్నారు, స్టూడియోలో వెనక అద్దం పెట్టి ముఖం, జడ రెండూ పడేలా తీసినది. మన ఇళ్ళల్లో ఆడపిల్లలందరికీ అలాంటిది ఒకటి ఉంటుంది. జడ మల్లెమొగ్గలదైతే వేసవి. పొద్దున్నే మొగ్గలు తెచ్చి, జడ కుట్టి, అవి విచ్చుకునేలోపు రిక్షాలో స్టూడియోకి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేళ మా దగ్గర అద్దం ఖాళీ ఉండేది కాదు. బొమ్మలకొలువు ఫొటో ఉంటే మన వైపు చాలావరకు సంక్రాంతిదే. గొబ్బెమ్మలున్నా అంతే.

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. మీ పెద్దమ్మగారికి 84 ఏళ్ళని, గుంటూరులో ఉంటున్నారని రాశారు. స్కానింగు తర్వాత చూసుకోవచ్చు, ఈ ఆదివారమే వెళ్ళండి. ఫొటోలు ఇంకో 50 ఏళ్ళుంటాయి, పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఆగరు. ఫోన్‌లో చూపించకండి. అసలు ప్రింట్లు, లేదా పోస్టుకార్డు సైజుకి పెద్దవి చేయించినవి చేతికివ్వండి. "ఇదెవరు?" అని మొదలుపెట్టారంటే పరీక్ష పెట్టినట్టు టెన్షన్ పడి "ఏమో తల్లీ, గుర్తులేదు" అనేస్తారు. "ఇక్కడ నిలబడితే బావి ఎటు వైపు?" అని అడగండి. "పాలు ఎవరు పోసేవాళ్ళు?" "ఈ గోడ అవతల ఎవరుండేవాళ్ళు?" "కరెంటు వచ్చిన రోజు గుర్తుందా?" చోటు గుర్తొస్తే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఫోన్ రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. నిజానికి ఆ 40 ఫొటోలే ముందు చూపించండి. పెళ్ళి ఫొటో చూస్తే అందరికీ తెలిసిన కథే వస్తుంది.

సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో ఏడు ఫొటోల్లో అంచున ఒకావిడ కనబడేది, ఎప్పుడూ సగమే. ఇంట్లో వాళ్ళెవరికీ తెలియదు. పెద్దావిడని "ఈ మెట్ల మీద పొద్దున్నే ఎవరు కూర్చునేవాళ్ళు?" అని అడిగితే, ఆ ఇంట్లో నలుగురు పిల్లలకీ స్నానాలు పోసి పెంచిన మనిషి అని, ఆమె పేరు, ఊరు, ఆమె పాడే లాలిపాట తో సహా చెప్పింది. ఆ ఏడు ఫొటోలూ అంతకుముందు "చెత్త" కవరులో ఉన్నాయి.

పెద్దమ్మగారు చెప్పినవి ప్రింటు వెనక బాల్‌పెన్నుతో రాయకండి, ముందు వైపు గాడి పడుతుంది, సిరా దిగుతుంది. మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, ప్రింటుని గాజుపలక మీద బోర్లించి తేలిగ్గా ఒక నంబరు మాత్రం వేయండి. వివరాలు నోటుబుక్‌లో ఆ నంబరు కింద. వెనక ఇప్పటికే ఉన్న రాతలు, స్టూడియో ముద్రలు అస్సలు చెరపకండి, వాటినీ స్కాన్ చేయాలి.

దాచడం గురించి. మన ఊరి ఉక్కపోత, వానలు ఫొటోలకి పెద్ద శత్రువులు. అటక మీద, బయటి గోడకి ఆనించిన బీరువాలో పెట్టొద్దు. 1980ల్లో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన ప్లాస్టిక్ పొర ఉండేవి, ఫొటోలని నెమ్మదిగా తినేస్తాయి. వాటిలోంచి తీయాలి, కానీ గోటితో లాగకండి. పళ్ళు శుభ్రం చేసుకునే సన్నదారం దొరుకుతుంది కదా, దాన్ని ఫొటో కింద రంపంలా అటూ ఇటూ నడపండి. రాకపోతే వదిలేసి అలాగే స్కాన్ చేయండి. పటం అద్దానికి అతుక్కున్నదైతే అసలు విప్పొద్దు, అద్దంతోనే స్కాన్ చేయండి. విడిగా ఉన్నవాటిని ఆమ్లం లేని కాగితం కవర్లలో, అవి దొరక్కపోతే ఉతికి ఆరిన పాత నూలు పంచె ముక్కలో చుట్టి, అట్టపెట్టెలో, ఇంటి లోపలి గదిలో పెట్టండి. కలరా ఉండలు వేయకండి. వానాకాలంలో నెలకొకసారి తెరిచి బూజు, రామబాణం పురుగులు ఉన్నాయేమో చూడండి.

నెగెటివ్‌ల డబ్బా మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం. వాసన వచ్చేవి వేరే కవరులో పెట్టి వాటినే ముందు స్కాన్ చేయించండి, ఆ ఆమ్లం పక్కవాటికీ పాకుతుంది. అంచున సేఫ్టీ అనే మాట లేకుండా, పసుపురంగు తిరిగి జిగటగా ఉన్నవి 1950కి ముందటి నైట్రేట్ ఫిల్ము కావచ్చు. అది ఇట్టే అంటుకుంటుంది. ఎండలో, వంటింట్లో, స్కానరు వేడి మీద పెట్టకుండా తెలిసినవాళ్ళకి చూపించండి.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు తడిసిన ఆల్బమ్‌లు నా దగ్గరికి చాలా వచ్చాయి. తడిసినవి ఎండలో ఆరబెట్టి విడదీసిన ఇళ్ళల్లో బొమ్మ మొత్తం అట్టకి అంటుకుపోయింది. వెంటనే చల్లటి మంచినీళ్ళలో పెట్టి నీళ్ళలోనే విడదీసి, నీడలో బొమ్మ పైకి ఉండేలా పరిచినవి చాలావరకు బతికాయి. ఆ రోజే విడదీసే తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవరులో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. మీకు ఇప్పుడు ఈ అవసరం లేదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను.

స్కానింగు సంగతి పెద్దగా ఏం లేదు. ప్రింట్లు 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలు, నలుపు తెలుపువైనా కలర్ సెట్టింగులోనే, అంచులతో సహా. నెగెటివ్‌లు 2400లో. అసలు ఫైలు నాణ్యత తగ్గని టిఫ్ రకంలో ఉంచి, వాట్సాప్‌లో పంపడానికి చిన్న కాపీ వేరే చేసుకోండి. యాప్‌లు రంగులద్ది ముఖాలు నున్నగా చేసి ఇస్తాయి, సరదాగా చూసుకోండి గానీ దాన్ని అసలుదాని స్థానంలో దాచొద్దు, అది మీ అమ్మమ్మగారి ముఖం కాదు. మొత్తం కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి పెద్దమ్మగారి పిల్లల దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉంచండి. స్కాన్ అయిపోయిందని ప్రింట్లు, నెగెటివ్‌లు తీసెయ్యకండి.

చివరగా మీరు రాసిన రెండు వాక్యాల గురించి. "తాతగారి ఫొటో పెళ్ళిది తప్ప ఒక్కటీ లేదు" అన్నారు. ఇంకోచోట, ఇసకకుప్ప ఫొటో కింద అంచు దగ్గర నల్లటి మచ్చ ఉంది, పాడైపోయినట్టుంది, కత్తిరించేయాలా అని అడిగారు. ఆ డబ్బా కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పై అద్దంలోకి చూస్తూ తీయాలి. సూర్యుడు వీపు వైపు ఉండాలని రీలు కొన్న ప్రతివాళ్ళకీ చెప్పేవాళ్ళం. ఆ మచ్చని పెద్దగా చేసి చూశాను. వంచిన తల, రెండు పక్కలా బయటికొచ్చిన మోచేతులు, మధ్యలో డబ్బా ఆకారం స్పష్టంగా ఉన్నాయి. ఇల్లు తూర్పుముఖం అని రాశారు, ఆయన వీధిలో నిలబడి ఇంటి వైపు తిరిగి తీశారు, నీడ పొడుగ్గా ఉంది. అంటే పొద్దున్న, డ్యూటీకి వెళ్ళేముందు. మిగతా 39 కూడా కింద అంచులు చూడండి. ఎన్నిట్లో ఉన్నారో లెక్కపెట్టి ఇక్కడ రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.